సెన్సార్ మార్చే ముందు గాలి ఎక్కణ్ణుంచి దూరుతోందో చూడండి

మీరు చెప్పింది ఇదండి: అంబాజీపేట నుంచి భీమవరం రోజూ తిరిగే 1.8 లీటర్ల పెట్రోల్ కారు, వయసు పన్నెండేళ్లు. రెండు నెలలుగా చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదు. ఏసీ వేస్తే ఐడ్లింగులో బండి వణుకుతోంది. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా లాగడం లేదు. స్కానర్ పెడితే పి0171 అని వచ్చింది. మెకానిక్ చూసి ఎయిర్ ఫ్లో సెన్సార్ పోయిందని, పద్నాలుగు వేలవుతుందని అన్నాడు. మార్చమంటారా అని అడిగారు.

ఇప్పుడే మార్చకండి. సెన్సార్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ మీరు చెప్పిన కోడ్‌తో ఆ మాట తేల్చలేం. పి0171 సెన్సార్ కోడ్ కాదు. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడింది, పెట్రోలు ఎంత పెంచినా సరిపోవడం లేదు అని ఇంజన్ కంప్యూటర్ మొరపెట్టుకోవడం అది. సెన్సార్ సొంత కోడ్‌లు వేరే ఉన్నాయి: పి0100 నుంచి పి0104 దాకా. వాటిలో 0102 అంటే సిగ్నల్ మరీ తక్కువ, 0103 అంటే మరీ ఎక్కువ. ఈ రెండూ ఎక్కువసార్లు వైరింగ్ దగ్గరో కప్లర్ (వైర్లు సెన్సార్‌కి తగిలించే ప్లగ్గు) దగ్గరో తేలతాయి. 0101 అంటే సిగ్నల్ వస్తోంది గానీ ఆ అంకె నమ్మేలా లేదని. మీకు వీటిలో ఏదీ రాలేదు.

ఇంతకీ ఈ సెన్సార్ చేసే పనేంటో రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే తర్వాత చెప్పే అంకెలు తలకెక్కవు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక గాలి గొట్టంలో చిన్న ప్లాస్టిక్ ముక్క దిగి ఉంటుంది. దాని లోపల వెంట్రుకంత సన్నటి ప్లాటినం తీగ, కొన్ని బండ్లలో పలచటి ఫిల్మ్. దాన్ని కరెంటుతో వేడి చేసి ఉంచుతారు. గాలి తగిలితే చల్లారుతుంది, వేడి గ్లాసు మీద ఊదితే టీ చల్లారినట్టే. చల్లారనివ్వకుండా అదే వేడిలో నిలబెట్టడానికి ఎంత కరెంటు కావలసి వచ్చిందో, అదే గాలి లెక్క. సెకనుకు ఇన్ని గ్రాములని కంప్యూటర్ చదువుకుని, దానికి తగ్గ పెట్రోలు కొడుతుంది. మామూలు పెట్రోలైతే ఒక గ్రాముకి 14.7 గ్రాముల గాలి.

అంటే ఈ ఏర్పాటంతా ఒక్క నమ్మకం మీద నడుస్తోంది: ఇంజన్లోకి వెళ్లే ప్రతి గ్రాము గాలీ ఆ తీగని తాకే వెళ్లాలి. ఈ నమ్మకం రెండు రకాలుగా చెడుతుంది. తీగ మీద మురికి పేరుకుంటే గాలి తగిలినా సరిగ్గా చల్లారదు, లెక్క తక్కువ చూపిస్తుంది. లేదా సెన్సార్ దాటిన తర్వాత ఎక్కడో కన్నం పడితే గాలి దొడ్డిదారిన దూరుతుంది, సెన్సార్ నిజమే చెప్పినా లెక్క తప్పుతుంది. రెండిటికీ వచ్చే కోడ్ పి0171 ఒక్కటే. మీ మెకానిక్ మొదటిదే అనుకున్నాడు. రెండోది చూశాడా అన్నది మీరు రాయలేదు.

నేనూ ఒకసారి ఇలాగే బోల్తాపడ్డాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక లంక గ్రామం నుంచి కొబ్బరి వ్యాపారం చేసే ఆయన బండి తెచ్చారు. మీ కంప్లైంటే, అక్షరం తేడా లేదు. స్కానర్ చూశాను, సెన్సార్ అన్నాను, తెప్పించి వేశాను. కోడ్ చెరిపి పంపించాను. నాలుగో రోజుకి మళ్ళీ లైటు. ఆయన ఒక్క మాట అనలేదండి, తాళం టేబుల్ మీద పెట్టి కూర్చున్నారు, అంతే. అది ఇంకా కష్టం. అప్పుడు సెన్సార్‌కీ థ్రోటిల్ బాడీకీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి తలుపు) మధ్య ఉండే మడతల రబ్బరు హోస్ విప్పి చేతిలోకి తీసుకున్నాను. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. అకార్డియన్ లాగా వంచి సాగదీస్తే కింది వైపు, రెండో మడత లోయలో, బొటనవేలి గోరంత పొడవున చీలిక నోరు తెరిచింది. వదిలేస్తే మూసుకుపోతోంది. ఐడ్లింగులో కాస్త గాలి పీల్చేది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజన్ మౌంటింగుల మీద వెనక్కి వాలుతుంది కదా, అప్పుడు హోస్ సాగి చీలిక పూర్తిగా తెరుచుకునేది. సెన్సార్ డబ్బులు నేనే భరించాను. ఆ హోస్ ఖరీదు దాంట్లో పదో వంతు కూడా లేదు.

మీ లక్షణాలు చదవగానే నాకు ఆ హోసే గుర్తొచ్చింది. ఎందుకంటే మీవి రెండూ రెండు దిక్కులు చూపిస్తున్నాయి. ఐడ్లింగులో వణకడం గాలి లీకు లక్షణం. వంతెన మీద లాగకపోవడం మురికి సెన్సార్ లక్షణం, లేదా పెట్రోలు పంపు బలహీనపడిన లక్షణం. రెండూ కలిసి రావాలంటే హోస్ చీలిక ఒక మంచి కారణం. అందుకే ముందు ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, ఆ హోస్ క్లిప్పులు వదులు చేసి బయటికి తీసి ప్రతి మడతా వంచి చూడండి. బిగించి ఉండగా టార్చి వేసి చూస్తే చూసినట్టు కాదు. అదే చేత్తో ఇంజన్ ఆయిల్ మూత, ఆయిల్ కొలిచే పుల్ల సరిగ్గా కూర్చున్నాయో లేదో, బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే హోస్, వాల్వ్ కవర్ నుంచి వచ్చే పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిరిని తిరిగి గాలి దారిలోకి పంపేది) ఎండి పగిలాయేమో చూడండి. ఐడ్లింగులో ఉంచి పిచికారీ బాటిల్‌తో ఇన్‌టేక్ (ఇంజన్లోకి గాలి వెళ్లే దారి) అతుకుల మీద కొద్దికొద్దిగా నీళ్లు చల్లితే, లీకున్న చోట ఇంజన్ శబ్దం మారుతుంది. వైర్లూ కప్లర్ల మీద మాత్రం చల్లకండి. కొందరు కార్బ్ క్లీనర్ కొడతారు. వేడి ఇంజన్ మీద అది మంటతో ఆట, నేను చేయను, మా కుర్రాళ్లని చేయనివ్వను.

హోస్‌లన్నీ బాగున్నాయి అనుకుందాం. అప్పుడు స్కానర్లో కోడ్ పక్కన పెట్టి లైవ్ డేటా తెరవమనండి. ఫోన్‌కి కలిసే బ్లూటూత్ ఓబీడీ ముక్క (ఇంజన్ కంప్యూటర్ అంకెలు చదివేది) ఉన్నా చాలు. చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్: షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు మారేది), లాంగ్ టర్మ్ (కొన్నాళ్లుగా నేర్చుకున్నది). కంప్యూటర్ తన లెక్క మీద ఎంత శాతం పెట్రోలు కలుపుతోందో, ఎంత తీసేస్తోందో చెప్పే అంకెలవి. ప్లస్ అంటే కలుపుతోంది, మైనస్ అంటే తీసేస్తోంది. రెండూ కూడితే అయిదు శాతం లోపు ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. పది దాటితే వెతకాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి ఐడ్లింగులో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర అర నిమిషం నిలకడగా రేస్ పట్టి ఒకసారి కాగితం మీద రాయండి.

ఐడ్లింగులో ప్లస్ 20 ఉండి, 2500 దగ్గర 5కో 6కో దిగిందంటే గాలి లీకే. కన్నం సైజు మారదు కదా, ఇంజన్ తక్కువ గాలి తాగేటప్పుడు ఆ దొంగ గాలి వాటా పెద్దది, ఎక్కువ తాగేటప్పుడు చిన్నది. దీనికి తలకిందులుగా ఐడ్లింగులో సున్నా దగ్గరో మైనస్‌లోనో ఉండి, లోడు పెరిగేకొద్దీ ప్లస్ 15, 20 అని ఎక్కుతుంటే సెన్సార్ మురికి పట్టిందనో, పెట్రోలు ప్రెషర్ చాలడం లేదనో అనుమానించాలి. ఆ రెండిటినీ ఎలా విడదీయాలో కాసేపట్లో చెప్తాను.

మూడో రకం ఒకటుంది. ఇది ఈమధ్యే ఎక్కువైంది. ఐడ్లింగులోనూ, రేస్‌లోనూ, రోడ్డు మీదా అంతటా ఒకేలా ప్లస్ 6, 7 చూపిస్తుంది. పాత బండ్లలో ఇది చూసి సెన్సార్ మీద పడొద్దు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దగ్గర 2023లో మొదలై ఇప్పుడు మామూలైపోయింది. ఇథనాల్లోనే ఆక్సిజన్ ఉంటుంది, అందుకని అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. పైన చెప్పిన 14.7 ఈ పెట్రోలుకి 13.5 దగ్గరికి వస్తుంది. కంప్యూటర్ ఆ తేడాని ట్రిమ్‌లో సర్దుకుంటుంది. అప్పటికే మీ బండికి చిన్న లీకో, కొంచెం మురికో ఉంటే ఈ ఆరేడు శాతం దాని మీద పడి లైటు వెలిగించేస్తుంది. అందుకే ఎన్నో ఏళ్లుగా నోరెత్తని బండ్లు ఇప్పుడు పి0171 అంటూ షెడ్డుకి వస్తున్నాయి.

ఇక సెన్సార్ అంకె. మీ ఇంజన్ వేడెక్కాక, ఏసీ లేకుండా ఐడ్లింగులో సెకనుకు 2 నుంచి 3 గ్రాముల మధ్య ఉండాలి. లీటరుకి ఒక గ్రాము, కొంచెం అటూ ఇటూ, అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఐడ్లింగులో బాగానే ఉంది కదా అని వదిలేయకండి. మురికి పట్టిన తీగ తక్కువ గాలి దగ్గర దాదాపు సరిగ్గానే చెప్తుంది. అబద్ధం బయటపడేది ఎక్కువ గాలి దగ్గర. కాబట్టి ఫుల్ థ్రోటిల్ పరీక్ష చేయాలి. మన డెల్టా అంతా పళ్లెంలా చదును, ఘాట్ రోడ్డు కావాలంటే ఎక్కడికి వెళ్తాం? వంతెన అప్రోచే మన ఘాట్. మా షెడ్డు వాళ్లం తెల్లారకముందే హైవే మీద జొన్నాడ వంతెన వైపు వెళ్తాం. ఒకరు నడపాలి, ఒకరు స్కానర్ చూడాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రెండో గేరులో పూర్తిగా తొక్కి 5000 ఆర్‌పీఎం వచ్చేదాకా ఉంచి వదిలేయాలి. కాలవ గట్టు రోడ్ల మీద మాత్రం ఈ పని చేయకండి, ఏ గేదె ఎటునుంచి వస్తుందో తెలీదు.

ఎంత రావాలో లెక్క మీరే కట్టుకోవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి పూర్తిగా గాలి తాగుతుంది. 5000 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 2500 సార్లు, సెకనుకి 42 సార్లు. ఒక్కోసారి 1.8 లీటర్లు, అంటే 75 లీటర్లు. మన ఎండకి లీటరు గాలి బరువు 1.14 గ్రాములు అనుకుంటే 85 గ్రాములు. ఏ ఇంజనూ నూటికి నూరు నిండదు, ఎనభై నుంచి తొంభై శాతం వేసుకోండి. 68 నుంచి 77 మధ్య కనిపించాలి. 65 వచ్చినా నేను ఊరుకుంటాను. 45 దగ్గర ఆగిపోతే ఊరుకోను.

అయితే 45 చూడగానే సెన్సార్ దోషి అనేయకండి. నిజంగానే ఇంజన్‌కి గాలి అందకపోతే సెన్సార్ నిజమే చెప్తోంది. ఫిల్టర్ మూసుకుపోయినా, సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కరిగి అడ్డంపడినా అదే అంకె వస్తుంది. తేడా తెలియాలంటే అదే క్షణంలో వెనక ఆక్సిజన్ సెన్సార్ (కన్వర్టర్ దాటాక పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసేది) వోల్టేజి చూడాలి. ఫుల్ థ్రోటిల్‌లో అది 0.8 దాటి నిలబడితే మిశ్రమం చిక్కగానే ఉంది, అంటే గాలి నిజంగానే తక్కువ, ఫిల్టరూ కన్వర్టరూ చూడండి. 0.2 దగ్గరికి పడిపోతే, గాలి వెళ్తున్నా సెన్సార్ లెక్క చెప్పడం లేదన్నమాట. గాలి అంకె 70 దాకా బాగానే వచ్చి, వోల్టేజి మాత్రం పడిపోతే సెన్సార్ తప్పు లేదు, పెట్రోలు పంపూ ఫిల్టరూ చూడండి, ప్రెషర్ గేజి పెట్టి కొలవమనండి. ఇందాక విడదీస్తానన్నది ఇదే.

కప్లర్ పీకి చూడమని మీకు ఎవరో చెప్పారన్నారు. తప్పేమీ కాదు. తాళం ఆపి, కప్లర్ తీసి, స్టార్ట్ చేస్తే చాలా బండ్లు థ్రోటిల్ ఎంత తెరుచుకుంది, ఆర్‌పీఎం ఎంత అన్నది చూసి ఉజ్జాయింపుగా పెట్రోలు కొట్టుకుంటాయి. బండి బాగుపడితే సెన్సార్ మీద అనుమానం పెరుగుతుంది. కానీ ఈ పరీక్షకి నేను సగం మార్కులే వేస్తాను. ఆ ఉజ్జాయింపు లెక్క కొంచెం చిక్కగా ఉంటుంది కాబట్టి గాలి లీకున్న బండి కూడా కాస్త కుదుటపడినట్టు కనిపిస్తుంది. నేను బోల్తాపడ్డ రోజు నన్ను మోసం చేసింది ఈ పరీక్షే. ఇంకో చిన్న పరీక్ష: ఐడ్లింగులో సెన్సార్ ఒంటి మీద స్క్రూ డ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. అంకె ఎగిరినా, ఇంజన్ తొట్రుపడినా లోపల అతుకు వదిలినట్టే, దానికి క్లీనింగు పనికిరాదు.

మల్టీమీటర్ ఉంటే వైర్లు చూడటం అయిదు నిమిషాల పని. అయిదు వైర్ల రకంలో ఒకటి 12 వోల్టుల సప్లై, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్, మిగతా రెండూ గాలి వేడి కొలిచే సెన్సార్‌వి. సప్లై బ్యాటరీతో దాదాపు సమానంగా ఉండాలి. ఇంజన్ తిరుగుతుండగా ఎర్త్ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. సిగ్నల్ ఐడ్లింగులో వోల్టు పైన ఉండి, రేస్‌తో పాటు తడబడకుండా ఎక్కాలి. కొన్ని బండ్లలో సిగ్నల్ వోల్టేజిగా కాక ఫ్రీక్వెన్సీగా వస్తుంది, మీటర్ ఎప్పుడూ 2.5 దగ్గరే నిలబడి కనిపిస్తుంది. అది చూసి పోయిందనుకోకండి.

మన వైపు వైరింగులో నాకు ఎక్కువగా దొరికేది చిలుము. సముద్రం దగ్గరి ఊళ్లు, అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండ్లలో, రొయ్యల చెరువుల గట్ల మీద నిలిపే బండ్లలో కప్లర్ పిన్నుల మీద పచ్చటి పొర. వానాకాలంలో కోడ్ వచ్చి, ఎండ కాస్తే పోతుంటే ముందు అక్కడే చూడాలి. ఇంకొకటి ఎలుకలు. మాసూళ్ల తర్వాత ఒకసారి పాలకొల్లు వైపు నుంచి వచ్చిన బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీస్తే, లోపల గుప్పెడు ధాన్యం, సగం నమిలిన పొట్టు, ఫిల్టర్ మూలన రూపాయి బిళ్లంత కన్నం. మా కుర్రోడు "ఇక్కడే సంసారం పెట్టిందండీ" అన్నాడు. ఆ కన్నంలోంచి దుమ్మంతా నేరుగా తీగ మీదికి. మీరు తిరిగే దారిలో కొబ్బరి పీచు మిల్లులు, ఊక లారీలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎలాగూ ఉన్నాయి. బండి ఆపాక ఇంజన్లోంచి పీసీవీ దారిన వెనక్కి తేలే నూనె ఆవిరి తీగ మీద జిగురు పూస్తుంది, ఆ జిగురుకి ఈ పొట్టు అతుక్కుని వేడికి కాలి పెచ్చు కడుతుంది. ఫిల్టర్‌ని కంప్రెసర్‌తో ఊదించి ఊదించి రెండేళ్లు వాడటం మనవాళ్లకి అలవాటు. గాలి దెబ్బకి కాగితం చిరుగుతుంది, ఆదా అయిన మూడొందలు సెన్సార్ మీద తేలతాయి. నూనె పూసి వాడే కాటన్ ఫిల్టర్ వేయించుకుని ఉంటే, ఆ నూనె ఎక్కువైనా ఇదే గతి.

మురికే అని తేలితే కడిగి చూడండి. ఎయిర్ ఫ్లో సెన్సార్ క్లీనర్ అనే పేరుతోనే స్ప్రే డబ్బా దొరుకుతుంది, అదే కావాలి. పెట్రోలు, కార్బ్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ వద్దు. ఇయర్ బడ్ అసలే వద్దు, ఆ తీగ దూది పోగుకి కూడా తెగుతుంది. తాళం ఆపి, కప్లర్ తీసి, రెండు స్క్రూలు విప్పి సెన్సార్ బయటికి లాగండి. జానెడు దూరం నుంచి పది పన్నెండు సార్లు కొట్టండి, గాలి వేడి కొలిచే సెన్సార్ పూస మీద కూడా. నీడలో పావుగంట వదిలేయండి, నోటితో ఊదకండి. తిరిగి పెట్టేటప్పుడు రబ్బరు రింగు మెలికపడకుండా చూడండి, అది మెలికపడితే కొత్త గాలి లీకు మీరే తయారు చేసినట్టు. తర్వాత కోడ్ చెరిపి, ట్రిమ్‌లు కొత్తగా నేర్చుకోవడానికి రెండు మూడు రోజులు మామూలుగా తిప్పండి.

కడిగినా 5000 దగ్గర అంకె లేవకపోతే, తడితే ఎగురుతుంటే, అప్పుడు మార్చండి. పార్ట్ నంబరు అక్షరం తేడా లేకుండా అదే ఉండాలి. పైకి ఒకేలా ఉండే సెన్సార్లలో లోపలి కొలత వేరుగా ఉంటుంది. చవకగా దొరికే నకిలీలతో బండి మొదటి వారం బాగానే నడిచి, నెల తిరక్కుండా ట్రిమ్ ప్లస్ 12 చూపించిన సందర్భాలు నా దగ్గర ఒకటికి మించి ఉన్నాయి. పాతది పారేయకుండా తెచ్చుకోండి.

మీ తమ్ముడి బండికీ ఇదే సమస్యన్నారు. అది చిన్న కారైతే ముందు ఈ సెన్సార్ ఉందో లేదో చూడండి. చాలా చిన్న పెట్రోల్ కార్లలో ఇది ఉండదు, మ్యాప్ సెన్సార్ ఇన్‌టేక్‌లో పీడనం చూసి గాలి లెక్కకడుతుంది. దాన్ని చూడటం మనకి తేలిక. తాళం ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బయటి గాలి పీడనమే చూపించాలి. కోనసీమ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది కాబట్టి 100, 101 కిలోపాస్కల్. ఐడ్లింగులో 30, 40 మధ్యకి దిగాలి.

మీరు ఈ ఆదివారం హోస్ విప్పి చూసి, ఐడ్లింగు ట్రిమ్, 2500 ట్రిమ్, 5000 దగ్గర గాలి అంకె, ఈ మూడూ రాసి పెట్టండి. పద్నాలుగు వేల సంగతి ఆ అంకెలు చూశాక మాట్లాడుకుందాం.